నేపాలుకి టీంతో వెళ్తున్నారా? ముందు నన్నడగండి

ఇప్పటికి మూడుసార్లు నేపాలు వెళ్లొచ్చాను. మూడుసార్లూ టీంతోనే, మూడుసార్లూ బ్యానరుతోనే. మా సంఘంలో ఎవరికి నేపాలు భారం కలిగినా ముందు మా ఇంటికే వస్తారు. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, తెలిసిందంతా చెప్పి పంపిస్తాను. ఇక్కడ రాసేదీ అదే. ఇందులో పుస్తకాలు చూసి చెప్పింది ఒక్కటీ లేదు. అన్నీ మేం చేసినవే.

మొట్టమొదటి పని బ్యానరు కొట్టించడం. టికెట్ల కన్నా ముందు అదే కావాలి. ఎనిమిదడుగుల వెడల్పు, వెనకాల ఎవరెస్టు, ముందు మన సంఘం అయ్యగారు, అమ్మగారు, కింద వరసగా మనందరి ఫొటోలు. పైన పెద్దక్షరాల్లో "హిమాలయాలపై సువార్త దండయాత్ర". మా ప్రింటింగ్ షాపు కుర్రాడు ఎవరెస్టు బదులు స్విట్జర్లాండు కొండేదో పెట్టాడు, ఎవరూ కనిపెట్టలేదు. నిజానికి మేం ఎవరెస్టు దరిదాపులకు కూడా పోలేదు. మేం వెళ్లింది ధాదింగ్ జిల్లా ఉత్తరాన, గణేశ్ హిమాల్ కింద తమాంగులుండే ఊళ్లకు. గణేశ్ హిమాల్ అని బ్యానరు మీద వేయిస్తే సంఘంలో ఏమనుకుంటారు? అందుకే ఎవరెస్టు.

"దండయాత్ర" అన్న మాట దగ్గర ఒకరిద్దరు నసుగుతారు. అక్కడి చట్టం సంగతి ఎత్తుతారు. 2015 రాజ్యాంగంలో 26వ అధికరణం ఎవరి మతం వాళ్లు ఆచరించుకోమంటూనే, ఇంకొకరి మతం మార్చకూడదంటుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో 158వ సెక్షను కింద మతం మార్పించినవాడికి 5 ఏళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష పూర్తయ్యాక 7 రోజుల్లో దేశం దాటిస్తారు. ఇదంతా టీంకి చదివి వినిపించకండి, కుర్రాళ్లు భయపడతారు. ఎనిమిదో రోజుకల్లా మనం రక్సౌల్లో రైలెక్కేసి ఉంటాం. కేసంటూ అయితే ఊళ్లో మిగిలేది అక్కడి పాస్టరే. అందుకే మనవాళ్లకి అంత ధైర్యం.

కాగితాల విషయానికొస్తే, మనకి నేపాలుకి వీసా అక్కర్లేదు కాబట్టి అసలేమీ అక్కర్లేదనుకుని బయల్దేరండి. విమానంలో అయితే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలనీ, నడివయసు వాళ్లకి ఆధార్ చెల్లదనీ టీచరమ్మ నెల ముందే చెప్పింది. "ఆధార్ చెల్లని చోటు కూడా ఉంటుందా అమ్మా" అని మా ట్రెజరరు నవ్వాడు. ఢిల్లీ దాకా మాతో వచ్చి, ఢిల్లీ నుంచే వెనక్కి పోయాడు. టీం డబ్బు మొత్తం ఆయన నడుముకి కట్టిన సంచిలో ఉంది.

ఈ టీచరమ్మ గురించి ముందే చెప్పాలి. రిటైరైన హైస్కూలు టీచరు, సోషల్ చెప్పేది. మూడు ట్రిప్పులూ తన పెన్షన్ డబ్బుతోనే వచ్చింది. బ్యానరు మీద ఫొటో వద్దంది. ప్రతి టీంలోనూ ఇలాంటివాళ్లు ఒకరు తగులుతారు. జాగ్రత్తగా ఉండండి.

ఇక ఏ నెలలో వెళ్లాలి? జూన్ ఆఖర్లో. అప్పుడు ఎవరూ వెళ్లరు, కాబట్టి గదులు చవక. ఎవరూ ఎందుకు వెళ్లరో ఆలోచించొద్దు. వానలు మొదలైతే అక్కడి కొండలు మన గోదావరి గట్ల మాదిరి నిలబడవు, రోడ్డు మీదికి దిగొస్తాయి. ఖాట్మండు నుంచి పొఖరా 200 కిలోమీటర్లు. మ్యాపులో చూసి అయ్యగారు "నాలుగ్గంటల్లో పోతాం, సాయంత్రం మీటింగు పెట్టండి" అన్నారు. పన్నెండు గంటలు పట్టింది. అందులో నాలుగ్గంటలు ఒకేచోట, కింద త్రిశూలి నది బురదరంగులో ఉరుకుతుంటే, ముందున్న లారీ వెనక రాసింది చదువుకుంటూ కూర్చున్నాం. కొండదారుల్లో దూరం కిలోమీటర్లలో అడగరు, గంటల్లో అడుగుతారు. మీరు మాత్రం కిలోమీటర్లలోనే అడగండి, లెక్క తేలిగ్గా ఉంటుంది.

జలగల గురించి కూడా ఒక మాట. వానాకాలంలో అడవి దారిన ప్రతి ఆకు కొసా వాటిదే. ఉప్పు గుడ్డలో కట్టి కర్రకి చుట్టుకుని టీచరమ్మ నడిచింది. మేం స్తోత్రగీతాలు పాడుకుంటూ చెప్పుల్తో నడిచాం.

సామాను దగ్గర మాత్రం లోభించకండి. మేం పట్టుకెళ్లినవి: కీబోర్డు, దాని స్టాండు, రెండు స్పీకర్లు, బ్యానరు, పాతిక కేజీల సోనామసూరి, నాలుగు సీసాల ఆవకాయ, హిందీలో అచ్చేసిన 3,000 కరపత్రాలు, వాక్యాలున్న తెలుగు గోడ క్యాలెండర్లు అరవై, పాత బట్టలు మూడు బస్తాలు. క్యాలెండర్లు అంత పైకి మోసుకెళ్లి పంచాక తెలిసింది, వాళ్ల సంవత్సరమే వేరని. అక్కడ నడిచేది విక్రమ సంవత్. మనకన్నా సుమారు 57 ఏళ్లు ముందుంటారు, ఏప్రిల్ మధ్యలో కొత్త సంవత్సరం పెడతారు. సెలవు శనివారం, ఎర్రంకెలన్నీ దాని కిందే ఉంటాయి. మన క్యాలెండర్ని ఒక ముసలాయన తిరగేసి చూసి, వెనకవైపు తెల్లగా ఉందని మనవడికి బొమ్మలేసుకోమని ఇచ్చాడు.

బట్టల బస్తాలో చేతుల్లేని కాటన్ జాకెట్లు, ఎవరి పెళ్లిదో జరీ షేర్వానీ ఒకటి, స్కూలు యూనిఫాం చొక్కాలు. రాత్రిపూట రెండు దుప్పట్లు కప్పుకున్నా వణికే ఊరది. ఇచ్చేది ప్రేమతో ఇవ్వాలి గానీ అవతలవాళ్లకి ఏం కావాలో అడగడం మర్యాద కాదు.

ఇదంతా ఎవరు మోస్తారన్నది మీ సమస్య కాదు. జీపు ఆగిన చోటు నుంచి ఊరికి మూడు గంటలు రాతిమెట్లు. నా సూట్‌కేసుకి చక్రాలున్నాయి. నాలుగో మెట్టు దగ్గర ఒక చక్రం ఊడి లోయలోకి దొర్లింది. అది ఎక్కడాగుతుందో అని అందరం నిలబడి చూశాం. అప్పుడు మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లలో ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, ఏమీ అనకుండా సూట్‌కేసుని వెదురుబుట్టలోకి దింపింది. ఆ బుట్టని డోకో అంటారు. దాని చుట్టూ వేసిన నార పట్టీ నామ్లో. పట్టీని నుదుటి మీదికి జరుపుకుని, తల కొంచెం ముందుకి వంచి, బరువంతా మెడ మీదా వీపు మీదా తీసుకుంది. సూట్‌కేసు మీద ఇంకా ఖాళీ ఉందని ఆవకాయ సీసాలు కూడా పెట్టించుకుంది. రెండో మలుపు దగ్గరికే మాకు కనపడకుండా పోయింది. మేం ఊరు చేరేసరికి మా కోసం టీ పెట్టి ఎదురుచూస్తోంది. ఆవిడే ఆ ఊరి పాస్టరుగారి భార్య అని ఆ సాయంత్రం పరిచయాలప్పుడు తెలిసింది. అప్పటికి నేను ఆవిడ చేతిలో యాభై రూపాయలు పెట్టేశాను. ఆవిడ వద్దనకుండా తీసుకుంది, మర్నాడు ఆరాధనలో కానుక సంచిలో వేసింది.

ఇక్కడే ముఖ్యమైన చిట్కా. డ్రైవరు ముందు, వంటవాళ్ల ముందు తెలుగులో స్వేచ్ఛగా మాట్లాడుకోండి. వాళ్లకేం అర్థమవుతుంది? మా రెండో ట్రిప్పులో బొలెరో డ్రైవరు ముప్పై ఏళ్ల కుర్రాడు, మూడు రోజులు నోరు విప్పలేదు. అతని బండి నడిపే తీరు గురించి, చెమట వాసన గురించి, పాస్టరుగారింట్లో పప్పు నీళ్లలా ఉందన్న సంగతి గురించి దారి పొడుగునా చర్చించుకున్నాం. అతన్ని ఎలా రక్షణలోకి నడిపించాలో ప్లాను కూడా వేశాం. నాలుగో రోజు ఒక మలుపు తిరిగాక బండి నెమ్మది చేసి, అద్దంలోంచి నన్ను చూసి, "అన్నా, ఆ కరపత్రాల బ్యాగు ఇటియ్యండి, నా సీటు కింద పెడతా. ముందర చెక్‌పోస్టుంది" అన్నాడు. అచ్చం హైదరాబాదు తెలుగు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకి ఏడేళ్లు వాచ్‌మెన్‌గా చేశాడట. అతనిది అసలు మన విశ్వాసం కాదు, ఇంట్లో బౌద్ధులు.

పోలీసాయన టార్చి వేసి చూశాడు. మేం సామూహికంగా కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం. "యాత్రికులు సార్, గుళ్లు చూడ్డానికి" అన్నాడు డ్రైవరు. బ్యారికేడ్ ఎత్తారు. ఊరికొచ్చాక ఈ సంఘటనని "చెక్‌పోస్టు దగ్గర అద్భుతం" అని మూడు సంఘాల్లో సాక్ష్యం చెప్పాను. డ్రైవరు భాగం తీసేశాను, నిడివి ఎక్కువవుతుందని.

ఊళ్లో మీటింగు మాత్రం తప్పకుండా ఆదివారమే పెట్టుకోండి. మేం అలాగే పెట్టుకున్నాం. ఆదివారం ఉదయం స్పీకర్లు బిగించి (కరెంటు లేదు, అది వేరే సంగతి) పదిన్నర దాకా కూర్చుంటే ముగ్గురు ముసలమ్మలూ ఒక మేకా వచ్చారు. మిగతావాళ్లంతా పొలాల్లో, పిల్లలు బడిలో. నేపాలులో వారాంతపు సెలవు శనివారం, చర్చిలూ శనివారమే నడుస్తాయి. ముందురోజే ఆరాధన అయిపోయింది. ఆ ఆరాధనకి మేమూ వెళ్లాం కానీ అది మా మీటింగు కాదు కదా, లెక్కలోకి రాదు. చెప్పులు బయట విప్పి, చాపల మీద ఆడవాళ్లొకవైపు మగవాళ్లొకవైపు కూర్చున్నారు. ఒక కుర్రాడు మాదల్ వాయించాడు, మన డోలక్ లాంటిదే. మా కీబోర్డు తమ్ముడు దాన్ని చూసి నిట్టూర్చి "వీళ్లకి సంగీతం నేర్పాలన్నా" అన్నాడు. పక్కనే టీచరమ్మ చప్పట్లు కొడుతూ ఏదో పాడేస్తోంది. నేపాలీ పాట, రైల్లో రెండు రోజులూ ఫోనులో విని నేర్చుకుందట. ఇలాంటివి టీం క్రమశిక్షణని దెబ్బతీస్తాయి.

ఆ శనివారమే అయ్యగారికి ప్రసంగించే అవకాశమిచ్చారు. మీకూ ఇస్తారు. మరీ మర్యాదస్తులు, అడగక్కర్లేకుండానే ఇస్తారు. ఆ ఊరి గురించి ముందుగా ఏమీ తెలుసుకోకండి. తెలిస్తే వాక్యధార ఆగిపోతుంది. అయ్యగారు హిందీలో మొదలుపెట్టి, పాస్టరుగారి కొడుకు నేపాలీలోకి మారుస్తుండగా, సరిగ్గా పావుగంటకి భూకంపం మీదికి వచ్చారు. 2015 ఏప్రిల్ 25న వచ్చిన దాని మీదికి. విగ్రహాల పాపం వల్లే దేవుడు ఈ దేశాన్ని కుదిపాడన్నారు. చెయ్యి పైకెత్తి, గొంతు పెంచి చెప్పారు.

ఇక్కడ మీకొక లెక్క చెప్పాలి. 7.8 తీవ్రత, దేశమంతా కలిపి పోయినవాళ్లు దాదాపు 9,000 మంది. వచ్చింది మధ్యాహ్నం పన్నెండుకి నాలుగు నిమిషాల ముందు. ఆ రోజు శనివారం. అంటే కొండ ఊళ్లలో చాలాచోట్ల విశ్వాసులు రాతిగోడల చర్చిల్లో ఆరాధనలో ఉన్నారు. మేం కూర్చున్న రేకుల చర్చి ఆ తర్వాత కట్టుకున్నది. పాతదాని రాళ్లు బయట కుప్పగా ఉన్నాయి, వాటి మీదే మా బ్యానరు ఆరేశాం.

పాస్టరుగారి కొడుకు మాట మార్చకుండా కాసేపు ఆగాడు. తర్వాత రెండే వాక్యాలన్నాడు. అందరూ తలలు వంచారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. ఆ సూట్‌కేసు మోసినావిడ మాత్రం తల వంచలేదు, అయ్యగారి వంక చూసి చిన్నగా నవ్వి చేతులు జోడించింది. "చూశారా, పాపపు ఒప్పుకోలు" అని అయ్యగారు నా చెవిలో అన్నారు. సాయంత్రం టీచరమ్మ ఆ కుర్రాణ్ని అడిగి కనుక్కుంది. "మన ఊళ్లో పోయినవాళ్లని తలుచుకుని ఒక్క నిమిషం మౌనంగా ఉందామంటున్నారు అతిథిగారు, అన్నాను" అన్నాడట. తన చెల్లెలు అందులో ఉందని చెప్పలేదు. అది టీచరమ్మకి వాళ్లమ్మ చెప్పింది, వంటింట్లో.

అనువాదకుల్ని నమ్మకూడదనడానికి ఇదే ఉదాహరణ.

చేతులెత్తించడం మరిచిపోకండి, రిపోర్టుకి కావాలి. మేం చేతులెత్తమంటే చర్చి మొత్తం ఎత్తింది. నూటపన్నెండు ఆత్మలు అని రాసుకున్నాం. ఆ కుర్రాడు అడిగింది "మీలో ఇప్పటికే విశ్వాసులెవరు" అని. వాళ్లలో చాలామంది నేను రక్షణ పొందకముందు నుంచీ విశ్వాసులే. 2021 జనాభా లెక్కల్లో నేపాలులో క్రైస్తవులు 5 లక్షల పైచిలుకు, నూటికి ఇద్దరు కూడా లేరు. మనలాంటి టీంలన్నీ తెచ్చిన రిపోర్టులు కూడితే ఆ దేశంలో ఈపాటికి మిగిలినవాళ్లే ఉండకూడదు. గవర్నమెంటు లెక్కల్లో పొరపాటుంటుంది.

లెక్కల దగ్గర మీకెవరైనా ఒంగోలు క్లౌ దొర కథ చెప్పి అడ్డుపడొచ్చు. టీచరమ్మ నాకు రక్సౌల్ రైల్లో చెప్పింది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టుకి తీసుకుని ఆకలిగొన్న వాళ్లకి కూలి పని ఇచ్చాడు. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినంత కాలం ఒక్కరికీ ఇవ్వనన్నాడు. సహాయం పంచడం ఆగాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కథ బాగుంది కానీ మన టూరు ఎనిమిది రోజులు. అంతకాలం ఎవరాగుతారు? బియ్యం పంచుతూ పంచుతూనే ఫొటో తీసేయాలి.

ఆ మాటకొస్తే నేపాలులోనూ అలా ఆగినవాళ్లున్నారు. వాళ్ల జోలికి పోకండి, నిరుత్సాహం వస్తుంది. లిలియన్ ఓహాన్లన్ అనే డాక్టరు, హిల్డా స్టీల్ అనే ఆవిడా సరిహద్దు ఇవతల నౌతన్వాలో ఏళ్ల తరబడి వైద్యం చేసుకుంటూ దేశం తలుపు తెరిచేదాకా కూర్చున్నారు. 1952లో అనుమతి వచ్చాక చిన్న బృందంతో పొఖరాకి నడిచి వెళ్లారు, అప్పటికి రోడ్డే లేదు. అల్యూమినియం రేకుల షెడ్లలో ఆసుపత్రి పెట్టారు. ఎండకి తళతళలాడుతుందని జనం దాన్ని మెరిసే ఆసుపత్రి అన్నారు. రెండేళ్లకి, 1954లో మొదలైన యునైటెడ్ మిషన్ వాళ్లయితే మరీ ఘోరం. అందులో ఆడ్ హాఫ్టున్ అనే నార్వే ఇంజనీరు బుట్వల్‌లో కుర్రాళ్లకి వెల్డింగూ వడ్రంగమూ నేర్పే సంస్థ పెట్టించి, వాళ్లతోనే టినావు నది మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం కట్టించాడు. జీవితమంతా కరెంటు స్తంభాలూ సొరంగాలే. బ్యానరు మీద ఏమని రాసుకుంటాడు?

మన ప్రసంగాల్లో "ఈ చీకటి దేశానికి దేవుని వాక్యం మొదటిసారి" అని వాడుకోవచ్చు. పూర్తి నేపాలీ బైబిలు 1914లోనే వచ్చిందనీ, డార్జిలింగ్‌లో గంగాప్రసాద్ ప్రధాన్ అనే నేపాలీ పాస్టరు ఎన్నో ఏళ్లు కూర్చుని ఆ పని చేశాడనీ ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి హిందీ బైబిలు చేతిలో పెట్టండి.

తిండి. మన బియ్యం మనం పట్టుకెళ్లి, వాళ్ల వంటింట్లో మనం వండించుకోవాలి. వాళ్లు పెట్టేది పప్పన్నమే, అందులో గుండ్రుక్ అని ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టింది వేస్తారు. మాకు వాసన పడలేదు. కడప తమ్ముడు ఒక్కడు మాత్రం ఢిండో చూడగానే "అన్నా, సంకటి!" అని కేకేసి రెండు ముద్దలు దిగమింగాడు. వాళ్లు కోదో అనేది మన రాగులే మరి. పాస్టరుగారి భార్య అతన్ని ఆ పూట నుంచి కొడుకు కింద జమకట్టింది. మాకు రెండోరోజు రాత్రి కోడి కోశారు. ఇంటికి ఉన్నవే నాలుగు. మేం తిన్నాక ఆడవాళ్లు తిన్నారు, అప్పటికి గిన్నెలో పులుసే ఉంది. నేను రుచి బాగుందని మర్నాడు కూడా చేయమన్నాను. మెచ్చుకుంటే వాళ్లు సంతోషిస్తారు.

హైవే హోటల్లో మా కీబోర్డు తమ్ముడు గట్టిగా "బీఫ్ దొరుకుతుందా" అని అడిగాడు. నేపాలులో ఆవు జాతీయ జంతువు, గోవధ నేరం. మోమోల్లో పెట్టేది గేదె మాంసం. హోటలంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఇలాంటి ప్రశ్నలు బస్సు కదిలేటప్పుడు అడగాలి, కూర్చున్నప్పుడు కాదు.

ఇక ఎత్తు సంగతి. పరిచర్య అయ్యాక ఒక రోజు మంచు చూడాలి, అది ఎవరూ కాదనరు. మూడో ట్రిప్పు మేలో వెళ్లాం, పొఖరా నుంచి ముక్తినాథ్ దాకా ఒక్కరోజులో జీపులో పోయాం. పొఖరా 800 మీటర్ల ఎత్తులో ఉంటే ముక్తినాథ్ 3,700. 2,500 మీటర్లు దాటాక నెమ్మదిగా ఎక్కాలనీ, 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దనీ డాక్టర్లంటారు. ప్రార్థనాపరులకి ఈ లెక్కలు వర్తించవని అయ్యగారు అన్నారు. పైగా ఆ రోజు టీం మొత్తం నీళ్లు కూడా ముట్టని ఉపవాసం.

రాత్రి తొమ్మిదికి కీబోర్డు తమ్ముడికి తలనొప్పి మొదలైంది. పదికి వాంతులు. పదకొండుకి లేచి నిలబడితే తాగినవాడిలా తూలాడు. అపవాది పని అని తేల్చి, తలకి నూనె రాసి, చుట్టూ నిలబడి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాం. టీచరమ్మ కిందికి దింపేద్దాం, జీపు పిలవండి అంటూనే ఉంది. అవిశ్వాసపు మాటలు మాట్లాడొద్దన్నాం.

మా అరుపులకి పక్క గది తలుపు తెరుచుకుంది. నుదుట తిరుచూర్ణం, మంకీ క్యాపు, నేత చీర మీద మగవాళ్ల స్వెట్టరు. "ఎవరండీ మీరు, రాజమండ్రి యాసలా ఉందే" అంది. ముక్తినాథ్ వైష్ణవుల నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటి, మనవైపు నుంచి యాత్రలకి వస్తూనే ఉంటారు. ఆవిడ కుర్రాణ్ని చూసి, లోపలికెళ్లి, ఒక మాత్రల పట్టీ తెచ్చింది. "డయామాక్స్. మా అబ్బాయి డాక్టరు, కట్టిచ్చాడు. సల్ఫా మందులు పడవా నాయనా నీకు? పడతాయా? అయితే వేసుకో. కానీ మాత్ర వేశాం కదా అని ఇక్కడే ఉంచకండి, తూలుతున్నాడు, ఇప్పుడే దింపండి" అని మమ్మల్ని ఒక్క కసురు కసిరి తన జీపు డ్రైవర్ని లేపింది. ఒక స్టీలు డబ్బా కూడా ఇచ్చింది. టీచరమ్మ, కడప తమ్ముడు అతన్ని తీసుకుని ఆ రాత్రే జోమ్‌సోమ్ దిగారు. అక్కడ 2,700 మీటర్లు. వెయ్యి మీటర్లు దిగేసరికి తెల్లారింది, తమ్ముడు లేచి కూర్చుని ఆకలన్నాడు. డబ్బాలో పులిహోర ఉంది.

ఈ సాక్ష్యం చెప్పేటప్పుడు "పక్క గదిలోంచి ఒక తెలియని వ్యక్తి" అనండి చాలు. వినేవాళ్లు దేవదూత అనుకుంటారు. తిరుచూర్ణం సంగతి ఎత్తకండి.

చివరగా, జరిగినదంతా ఎప్పటికప్పుడు ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టండి. ఊరి పేరు, చర్చి ముందు పాస్టరుగారు, ఆయన పక్కన మన బ్యానరు స్పష్టంగా కనపడాలి. "ఈ గ్రామమంతా మారింది" అని పైన రాయండి. మేం రెండో ట్రిప్పులో అలాగే చేశాం, నాలుగు వేల మంది చూశారు. చూసినవాళ్లలో ఆ జిల్లావాళ్లు కూడా ఉన్నట్టున్నారు. మేం వచ్చేసిన రెండు వారాలకి, ప్లస్ తొమ్మిది ఏడు ఏడుతో మొదలయ్యే నెంబరు నుంచి నాకు వరసగా ఆరు కాల్స్ వచ్చాయి. అలాంటి నెంబర్లు ఎత్తకండి. తప్పిపోయి ఎత్తితే హలో హలో అని, వినపడనట్టు పెట్టేయండి.

తర్వాత ఆ ఊరి పాస్టరు టీచరమ్మకి చేశాడట. పోలీసులు రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టారనీ, ఆ వీడియో తీసేయమని మాకు చెప్పమనీ. మేమంతా కులాసాగా చేరామా అని కూడా అడిగాడట. వీడియో తీసేస్తే చూసినవాళ్ల లెక్క పోతుంది కాబట్టి నేను కొంచెం ఆలోచించాను. ఆవిడ మా ఇంటికొచ్చి, కాఫీ తాగకుండా, నేను తీసేసేదాకా నా ఎదురుగానే కూర్చుంది.

మొన్న అక్టోబరులో ఆవిడ మళ్లీ వెళ్లొచ్చింది. ఒక్కతే, రక్సౌల్ మీదుగా. టీం లేదు, బ్యానరు లేదు, ఒక్క ఫొటో పెట్టలేదు. మూడు వారాలు ఏం చేశావమ్మా అంటే, రాగులు కోతకొచ్చాయి, కోయించానంది. వెళ్లిందని ఎలా నమ్మాలి? అయితే వచ్చేటప్పుడు మా కీబోర్డు స్టాండు తెచ్చింది, రెండో ట్రిప్పులో అక్కడే మరిచిపోయి వచ్చాం. గుడ్డలో చుట్టి, తాడు కట్టి ఇచ్చింది. విప్పితే గుండ్రుక్ వాసన. బాల్కనీలో నాలుగు రోజులు ఆరేసినా పోలేదు.